ఒక నూలు కొసరు

జులై 20, ఆదివారం

ఈ డైరీ ఎవరికీ చూపించడానికి కాదు. ఎవరు ఏ రోజు నాతో ఏమన్నారో రాసి పెట్టుకోవడానికి. జనం ఇవాళ ఒకటంటారు, రేపు అడిగితే "నేనెప్పుడన్నాను" అంటారు. నా దగ్గర తేదీతో సహా ఉండాలి.

ప్రసన్న చూసి నవ్వింది. "పెళ్ళాన్ని నమ్మవు, పాలోడ్ని నమ్మవు. ఈ పుస్తకాన్ని మాత్రం నమ్ముతావేటి? దీనికీ తాళం ఎయ్యి" అంది. తాళం వేయలేదు గాని, షెడ్డులో వెల్డింగ్ రాడ్ల ఖాళీ డబ్బాలో పెడుతున్నాను. దాని జోలికి ఎవరూ రారు.

ఇవాళ ఈశ్వర్ బావా నేనూ బడా బజార్ వెళ్ళాం. బట్టల కొట్టు మీద మేడలో హరీష్ అనే కుర్రాడి ఆఫీసు. విదేశాలకు పనివాళ్ళను పంపిస్తాడట. గోడ నిండా విమానాల బొమ్మలే. ఇన్ని విమానాలు తెలిసినవాడు ఈ ఉక్కపోతలో మేడ మీద ఎందుకున్నాడు? అదే అడగబోతే బావ నా కాలు తొక్కాడు.

విషయం ఇది. ఆస్ట్రేలియాలో లారీలకు బాడీలు కట్టే కంపెనీకి ఫ్యాబ్రికేషన్ పనివాళ్ళు ఇద్దరు కావాలి. కాని ముందు మాకు పని వచ్చో రాదో అక్కడివాళ్ళు పరీక్ష పెట్టి తేల్చాలి. మొదట ఫోన్‌లో ముఖాముఖి, తర్వాత కెమెరా ముందు ఒక వస్తువు చేసి చూపించాలి. పాసైతే కాగితం ఇస్తారు. ఆ కాగితం లేకపోతే వీసా లేదు.

నాన్నతో చెప్పాను. గేటు రేకును సుత్తితో సరిచేస్తున్నాడు. చేయి ఆపలేదు.

"నీకు పనొచ్చో రాదో సెప్పడానికి ఆళ్ళెవులురా? నేను సెప్పలేదేటి?"

నాన్న ఎప్పుడూ చెప్పలేదు. అదే నా బాధ. పదో క్లాసు తప్పిన దగ్గర్నుంచి ఈ షెడ్డులోనే ఉన్నాను. వైకుంఠరావు గారి కొడుకు అంటారే గాని, తిరుమలరావు అనే ఫిట్టర్ ఒకడున్నాడని ఈ బరంపురంలో ఎవరూ అనరు. ఐటీఐ చదవలేదు, సర్టిఫికెట్టు లేదు. నాన్న నేర్పిన పని నాకు వచ్చని ఎవరైనా కాగితం మీద రాసిస్తే, దాన్ని తెచ్చి నాన్న చేతిలో పెట్టాలని ఉంది. ఆస్ట్రేలియా ఆ తర్వాతి సంగతి.

జులై 23, బుధవారం

బావ ఫోన్‌లో హరీష్‌తో మాట్లాడుతున్నాడు. నేను షెడ్డులోకి రాగానే పెట్టేశాడు. ఏమిటంటే "ఏటీ నేదు" అన్నాడు. ఏమీ లేనిదానికి అంతసేపు మాట్లాడతారా?

జులై 29, మంగళవారం

గోసాని నువాగాంలో నారాయణమూర్తి గారింటికి కిటికీ గ్రిల్లులు బిగించాం. రైల్వేలో చేసి రిటైరయిన మనిషి. తర్వాత గేటు కూడా మాకే ఇస్తానన్నాడు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గ్రిల్లు కిటికీలోకి దూరలేదు. మా గ్రిల్లులెప్పుడూ కాస్త బిగువే. బావ వెంటనే గ్రైండర్ తీసి అంచులు గీకడం మొదలుపెట్టాడు.

"కొలత తప్పిందేటి బాబూ?" అన్నాడు నారాయణమూర్తి గారు.

బావ గీకుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. తప్పలేదని ఒక్క మాట అనొచ్చు కదా! నాన్న కట్టినదాన్ని గ్రైండర్‌తో గీకకుండా బావ ఇంతవరకూ ఒక్క గ్రిల్లు కూడా బిగించలేదు.

మా అరుణక్క మొగుడు కాబట్టి ఊరుకుంటున్నాను. సూరత్‌లో పెద్ద ఫ్యాక్టరీలో చేశాడు. అది మూతబడ్డాక మా షెడ్డుకు వచ్చాడు. రోజూ వాళ్ళ ఊరు హుమ్మ నుంచి రైల్లో వస్తాడు, రైల్లో వెళ్తాడు. మామగారి ముందు తల వంచుకునే పనిచేస్తాడు. తల వంచుకున్నవాడి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? సూరత్‌లో చేశానన్న పొగరు గ్రైండర్ పట్టినప్పుడు బయటపడుతుంది. నాన్న పేరు చెడగొట్టి షెడ్డు తన చేతిలోకి లాక్కుందామనేమో. లాక్కుని మాత్రం ఏం చేస్తాడు, రాయ్‌పూర్ నుంచి రెడీమేడ్ గేట్లు లారీల్లో దిగుతుంటే.

ఆగస్టు 6, బుధవారం

ఫోన్ ముఖాముఖి అయింది. తెర మీద తెల్లజుట్టు ఆవిడ ఒకరు. పక్క గడిలో తెలుగు చెప్పడానికి విశాఖపట్నం నుంచి ఒకాయన. పైపు మూలలు ఎలా కలుపుతావు, వెల్డింగ్ వేడికి ఫ్రేము మెలి తిరగకుండా ఏం చేస్తావు అని అడిగింది. బాగానే చెప్పాను. సందు ఎంత వదులుతావంటే "అర నూలు" అన్నాను. విశాఖ ఆయన ఆగిపోయాడు. అలాంటి కొలత ఆయన వినలేదట.

"అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలండి. మీ లెక్కలో మూడు మిల్లీమీటర్లు" అన్నాను.

ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. నేను చెప్పినదానికంటే చాలా పొడుగ్గా చెప్పాడు. ఏం కలిపాడో. ఆవిడ నవ్వింది. పని ఎవరు నేర్పారంటే మా నాన్న అన్నాను. ఏదో రాసుకుంది. నాన్న దగ్గర నేర్చుకోవడం కూడా తప్పేనా?

బావ ముఖాముఖి నాకంటే ఎక్కువసేపు పట్టింది. ఏం అడిగారంటే "నిన్నడిగినవే" అన్నాడు. మరి అవే అయితే అంతసేపు ఎందుకు?

ఆగస్టు 11, సోమవారం

రేపే పరీక్ష. మంగళవారం నేను గోళ్ళు కూడా తీసుకోను. చూసి చూసి ఆ రోజే పెట్టారు. హరీష్ నోరెత్తకుండా ఒప్పుకున్నాడు. వాడి స్వార్థం వాడిది.

రైలుకు వెళ్ళే ముందు బావ నా టేపు అడిగాడు.

"ఓపాలి ఇయ్యి, సూసిస్తాను."

టేపు చివరి కొక్కెం పట్టి లాగి చూశాడు. వెలుతురులో పెట్టి చూశాడు. తన టేపు పక్కన పెట్టి చూశాడు. తిరిగి ఇస్తూ గొంతు తగ్గించాడు.

"తిరుమలా, రేపు గీత గీసినపుడు టేపు మీద బొటనేలు ఎట్టకు."

"ఏం?"

"ఎట్టకంతే. నేనన్నానని మావకి సెప్పకు."

టేపు మీద బొటనవేలు పెట్టి, గోరు ఆనించి గీత గీయడం నాన్న నాకు నేర్పిన మొదటి పని. వెల్డింగ్ అద్దం కళ్ళకు పెట్టకముందే అది నేర్పాడు. రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ అది వద్దంటాడా? నా చేయి తడబడాలని కాకపోతే ఎందుకు? పైగా నాన్నకు చెప్పకూడదట.

ఆగస్టు 12, మంగళవారం

గోపాల్‌పూర్ రోడ్డులో ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నారు. చుట్టూ ఫోన్లు నిలబెట్టారు. ఒకటి తిన్నగా చేతుల మీదికే. మనిషి ముఖం వాళ్ళకు అక్కర్లేదు, చేతులు కావాలి.

డ్రాయింగ్ చూసి ఇంతేనా అనుకున్నాను. చదరపు పైపుతో ఒక ఫ్రేము. పొడవు ఆరు వందల మిల్లీమీటర్లు, వెడల్పు నాలుగు వందలు, మధ్యలో ఒక అడ్డకమ్మీ. మా షెడ్డులో ఇలాంటివి మాటల్లో పడి చేసేస్తాం. కొలిచాను, కోశాను, మూలమట్టం పెట్టి చూసుకుని వెల్డింగ్ వేశాను. బొటనవేలు ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాను. అతుకులు చూసి అక్కడి ఒడియా కుర్రాడు "బఢియా" అన్నాడు.

బావ పక్క బల్ల మీద చేశాడు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఎందుకు చూడలేదు?

ఆగస్టు 13, బుధవారం

పాసైపోయినట్టే. కాగితం వస్తే అద్దం కట్టించాలి.

ఆగస్టు 22, శుక్రవారం

బావ పాస్. నేను ఫెయిల్.

వెల్డింగ్ బాగుందట. మూలలు బాగున్నాయట. కొలతలే తప్పట. అన్ని ముక్కలూ మూడు మిల్లీమీటర్లు ఎక్కువట. రెండు దాటితే ఒప్పుకోరట. హరీష్ చదువుతుంటే చెవుల్లో హోరు. ఒక ముక్క తప్పితే అది నా తప్పు. అన్నీ ఒకేలా తప్పితే అది టేపు తప్పు. ముందురోజు టేపు ఎవరి చేతిలో ఉంది?

కొక్కెం వంచాడు. అందుకే వెలుతురులో పెట్టి చూశాడు.

ఇంటికొచ్చి ఆ టేపును కొత్త టేపు పక్కన పెట్టి చూశాను. తేడా లేదు. మళ్ళీ సరిచేసి ఉంటాడు.

ఇంకొక్కసారి పరీక్షకు కూర్చోవచ్చట, దసరా వెళ్ళాక. కంపెనీ రెండో మనిషి కోసం అంతవరకే ఆగుతుంది. అప్పుడూ తప్పితే ఇక లేదు.

నా ఫ్రేము వెనక్కి ఇచ్చేశారు. తెచ్చి నాన్న ముందు పెట్టాను. నాన్న తన పాత టేపు తీసి నాలుగు పక్కలా కొలిచాడు.

"బంగారం. దీన్ని తప్పన్నోడి కళ్ళల్లో కారం కొట్టాల."

నాన్న కొలిచాక ఇంకొకరు టేపు తీయడం మా షెడ్డులో లేదు. అది ఆయన ముఖం మీద కొట్టినట్టు. నేను తీయలేదు. తీయాల్సిన పని కూడా లేదు. ఫ్రేము సరిగ్గా ఉంటే పరీక్షవాళ్ళు అబద్ధం చెప్పారు. తప్పుగా ఉంటే బావ టేపు చెడగొట్టాడు. ఎటు చూసినా మోసమే.

ఆగస్టు 24, ఆదివారం

హుమ్మ వెళ్ళాను. బావ పెరట్లో ఉప్పుమడుల వాళ్ళ తోపుడుబండి చక్రం బాగుచేస్తున్నాడు. అక్కడ ఇనుమేదీ ఎన్నాళ్ళో ఆగదు, ఉప్పుగాలి తినేస్తుంది.

"నా టేపుని ఏటి సేసినావు బావా?"

"కొక్కెం సరిగుందో నేదో సూసినాను."

"సూడ్నేదు, వంచినావు. ఒక్కడివే ఎల్లిపోదామని వంచినావు. ఇన్నాళ్ళూ గ్రిల్లులు గీకి గీకి నాన్న పేరు సెడగొట్టినావు, ఇపుడు నా మీద పడ్డావు."

బావ చక్రం కింద పెట్టాడు. ముఖం పాలిపోయింది. అక్క చేతిలో చేటతో బయటికొచ్చింది. "ఒరే తిరుమలా, నీ కోసం మీ బావ..." అని ఏదో అనబోతే బావ "నువ్వూరుకో అరుణా" అన్నాడు. ఊరుకోమన్నాడంటే దాచేది ఉన్నట్టే కదా.

"రేపట్నించి షెడ్డుకి రాకు" అన్నాను. అది అనాలని వెళ్ళలేదు. నోటికొచ్చేసింది.

"నా గుమ్మం దిగు" అంది అక్క. "ఎల్లు, ఊరంతా దొంగల్ని ఎతుక్కో. ఎక్కడా దొరక్కపోతే అద్దంలో సూసుకో."

మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను. రైల్లో కళ్ళు మండాయి, నీళ్ళు కారాయి. ఉప్పుగాలికి అంతే.

ఆగస్టు 25, సోమవారం

బావ రాలేదు. నాన్న అడిగితే ఒంట్లో బాగోలేదట అన్నాను.

ఆగస్టు 28, గురువారం

రాలేదు. రమ్మన్నదెవరు?

సెప్టెంబర్ 5, శుక్రవారం

పాత బస్టాండు దగ్గర ఒక మేడకు గ్రిల్లులు బిగించడానికి ఒక్కణ్ణే వెళ్ళాను. ఒక్కటీ దూరలేదు. మేస్త్రీ కిటికీలు వంకరగా కట్టాడు. మధ్యాహ్నం దాకా గీకుతూనే ఉన్నాను. రవ్వలు చొక్కా లోపలికి పోయాయి.

సెప్టెంబర్ 10, బుధవారం

ఇంకో ఇల్లు, ఇంకో మేస్త్రీ. అక్కడా అదే వంకర. ఈ ఊరి మేస్త్రీలంతా ఒక్కటైపోయినట్టున్నారు.

సెప్టెంబర్ 17, బుధవారం

విశ్వకర్మ పూజ. పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి వరసగా పెట్టాం. ఇవాళ వాటికి సెలవు, ఎవరూ ముట్టకూడదు. నాన్న నా ఫెయిలైన ఫ్రేముకు కూడా బొట్టు పెట్టి దేవుడి పటం ముందు నిలబెట్టాడు. "ఆళ్ళు కాదంటే ఈయన కూడా కాదంటాడేటి" అన్నాడు.

బావ గ్రైండర్‌కు బొట్టు నేనే పెట్టాను. దాని పిడి మీద రంగంతా పోయి బావ చేయి అచ్చు పడినట్టుంది. మా షెడ్డులో మిగతా పనిముట్లేవీ అంత అరిగిపోలేదు.

ఏటా ఈ రోజు అక్క బూందీ చేసి తెస్తుంది. ఈసారి ప్రసన్న చేసింది. ఎవరూ బాగుందనలేదు.

"బావని ఎలగొట్టి అక్క బూందీ కోసం ఏడిస్తే ఎలాగ?" అంది ప్రసన్న. నేను ఏడవలేదు. బాగాలేదన్నానంతే.

సెప్టెంబర్ 19, శుక్రవారం

బావ చేసిన మోసం పట్టుకోవాలని పరీక్ష వీడియో అడిగాను. తప్పనిపిస్తే అప్పీలు చేసుకోవడానికని హరీష్‌కు పంపించారట. ఇవ్వడేమో అనుకున్నాను. అడగ్గానే పెట్టాడు. అది కూడా అనుమానమే అనుకుంటూ కూర్చున్నాను.

తెర నిండా నా చేతులే. ఎడమ చేయి టేపు లాగింది. ఆరు వందల గీత మీద బొటనవేలు ఆనింది. గోరు సరిగ్గా ఆరు వందల మీదే ఉంది. సుద్ద మాత్రం గోరుకు ఇవతల గీయలేదు. గోరు దాటి, అవతల గీసింది. ఆ గీత మీదే కోశాను. రెండో ముక్కకూ అంతే. మూడోదానికీ అంతే. ప్రతిసారీ ఆ వేలు గీత మీద కూర్చుంటుంది, సుద్ద దాన్ని దాటుతుంది.

"ఇది నా వీడియో కాదు" అన్నాను.

"ఆ కాలిన మచ్చ నీదే కదన్నా" అన్నాడు హరీష్. నా మణికట్టు చూస్తూనే అన్నాడు.

లేవబోతుంటే ఇంకో మాట చెప్పాడు. "ఈశ్వరన్నకి కంపెనీ ఎప్పుడో పిలుపు పంపింది. ఆయనే ఎల్లనంటన్నాడు. మా బావమరిది లేకుండా ఎల్లను, ఇద్దరమైతేనే అని జులైలోనే సెప్పాడు నాకు ఫోన్ సేసి. నీకు తెల్దేటి?"

సెప్టెంబర్ 20, శనివారం

హరీష్ ఫోను పాతది. వీడియో సరిగ్గా కనపడలేదు.

అదే రోజు, సాయంత్రం

మా ఇంటి గేటు కొలిచాను. ఒక నూలు ఎక్కువ. షెడ్డు తలుపు కొలిచాను. ఒక నూలు ఎక్కువ. నాన్న గుడికి వెళ్ళినప్పుడు దేవుడి పటం ముందున్న నా ఫ్రేము కొలిచాను. నాన్న కొలిచాక నేను టేపు తీయడం ఇదే మొదటిసారి. దొంగతనం చేస్తున్నట్టు చెమట పట్టింది.

ఒక నూలు. మూడు మిల్లీమీటర్లు.

సెప్టెంబర్ 21, ఆదివారం

భోజనాలయ్యాక అడిగాను.

"నాన్నా, గీత గీసినపుడు గోరుకి అవతల ఎందుకు గీస్తాం?"

అన్నం ఎందుకు తింటాం అని అడిగినట్టు చూశాడు.

"కొసరురా. ఒక నూలు కొసరు. ఇనుమైనా ఇంకోటైనా సున్నా కాడ ఆపకూడదు. పెళ్ళిలో నూటపదార్లు సదివిస్తాం గాని నూరు సదివిస్తామేటి? ఎక్కువుంటే గీకొచ్చు. తక్కువైతే అతుకెయ్యాల. మా అయ్య నాకు ఏలు ఒట్టుకుని నేర్పినాడు. నేను నీకు నేర్పినాను."

"నాకెప్పుడూ సెప్పనేదే."

"నీకు సెప్పీదేటి? నీ ఏలుకి నేర్పినాను."

"మరి బిగించినపుడు దూరకపోతే?"

"ఈశ్వర్ గీకుతాడు కదా" అన్నాడు నాన్న, చెయ్యి కడుక్కుంటూ.

సెప్టెంబర్ 22, సోమవారం

రాయడానికేమీ లేదు. సిగ్గుగా ఉంది.

సెప్టెంబర్ 28, ఆదివారం

వారమంతా వెళ్దామనుకుని ఆగిపోయాను. ఇవాళ ప్రసన్న చొక్కా చేతిలో పెట్టి బయటికి తోసింది.

గుమ్మం దిగమంది కాబట్టి హుమ్మలో గుమ్మం బయటే నిలబడ్డాను. అక్క చూసి లోపలికి వెళ్ళిపోయింది. బావ వచ్చాడు.

"తప్పయిపోయింది బావా. నా ఏలే సేసింది. నిన్ను దొంగన్నాను."

బావ అరుగు మీద కూర్చుని చేతుల మసి తుడుచుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"నాకు తెల్సు" అన్నాడు చివరికి. "షెడ్డుకొచ్చిన మొదటి వారమే తెలిసింది. అన్నీ నూలు ఎక్కువే."

"మరి సెప్పొచ్చు కదా!"

"ఎవులికి? మావకా? ఆయన కూడు తింటా ఆయన కొలత తప్పని అల్లుడు సెప్తాడేటి? గీకితే పోద్ది కదాని గీకినాను. నీకు సెప్పినాను. బొటనేలు ఎట్టకన్నాను. నువ్వు నన్ను పామును సూసినట్టు సూసినావు."

అక్క లోపల్నుంచే అరిచింది. "ఆ గ్రైండర్ పొడికి కళ్ళు ఎర్రగా సేసుకుని ఇంటికొచ్చీవోడు. మా నాన్న పరువు తీకూడదని నోరెత్తలేదు. ఆ మనిషిని పట్టుకుని..." కాసేపటికి చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద టంగుమని పెట్టింది. అక్క క్షమించడం అలాగే ఉంటుంది.

బావ పెరట్లోనే పాఠం మొదలుపెట్టాడు. గుడ్డ పీలికతో నా బొటనవేలును అరచేతికి కట్టేశాడు. సుద్ద తీసేసి, సన్నటి గీత పడే ఉక్కు ములుకు ఇచ్చాడు. వేలు కట్టేస్తే చూపుడువేలు ఆ పని అందుకుంది. టేపు మీద కూర్చుంది. గీత మళ్ళీ అవతలికే పోయింది. బావ నవ్వాడు. నెల తర్వాత నవ్వాడు. అక్క కూడా చూసి "మా నాన్న నీకు ఏలుకొకటి నేర్పినాడు గావాల" అంది.

అక్టోబర్ 5, ఆదివారం

దసరా రెండు రోజులు తప్ప రోజూ పని అయ్యాక హుమ్మ రైలెక్కుతున్నాను. నాన్నకు ఏమీ చెప్పలేదు. పది ముక్కల్లో ఎనిమిది సరిగ్గా వస్తున్నాయి. మిగతా రెండు కొసరు.

అక్టోబర్ 7, మంగళవారం

మళ్ళీ మంగళవారమే. ఈసారి అనుమానం రాలేదు. అంటే వచ్చింది గాని ఊరుకోబెట్టాను.

వేలికి కట్టు కట్టుకుంటానంటే వీల్లేదన్నారు. గాయం ఉంటే పరీక్ష వద్దన్నారు. వేలు విడిచే చేయాలి. మొదటి ముక్క కొలుస్తుంటే బొటనవేలు దానంతటదే లేచింది. లేచిన వేలును అలాగే గాల్లో ఆపాను. ములుకు ఆరు వందల మీద పెట్టాను. సరిగ్గా ఆరు వందల మీద, సున్నా దగ్గర. గీత గీస్తుంటే నాన్నకు చెప్పకుండా ఇల్లు అమ్మేస్తున్నట్టు అనిపించింది. కళ్ళు చెమర్చాయి. ఇది ఉప్పుగాలి కాదు. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది.

అన్ని ముక్కలూ అలాగే కోశాను. బావ బయట చెట్టు కింద స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. బయటికొచ్చి తల ఊపాను. తనూ ఊపాడు. దారిలో టీ తాగాం.

అక్టోబర్ 17, శుక్రవారం

పాస్.

హరీష్ రంగుల కాగితం మీద ముద్రించి ఇచ్చాడు. తిరుమలరావు, మెటల్ ఫ్యాబ్రికేటర్ అని నా పేరు. చదివించుకుని, మళ్ళీ చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాను. దారిలో ఆగి మళ్ళీ తీసి చూశాను. కొలతల దగ్గర అన్నిటికీ సరి అనే గుర్తు ఉంది. ఆ ఫ్రేమును కూడా తెచ్చుకున్నాను. బావను షెడ్డుకు రమ్మని తీసుకొచ్చాను. ముందు ఫ్రేము చూపించి, తర్వాత కాగితం తీసి నాన్న చేతిలో పెట్టాలి. అలా అనుకున్నాను.

నాన్న బావను చూసి "ఒంట్లో బాగున్నాదా?" అన్నాడు. బావ "బాగున్నాది మావా" అన్నాడు. నాన్న ఫ్రేము తీసుకుని పాత టేపు తీశాడు. నిలువు కొలిచాడు. అడ్డం కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి కొలిచాడు. నాన్న ఒకే వస్తువును మూడుసార్లు కొలవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇది నీ సేతి పని కాదు" అన్నాడు.

ఫ్రేమును తిప్పి అతుకుల మీద వేలు రాశాడు.

"అతుకులు నీవే. కొలత నీది కాదు. కొసరు నేదు ఇందులో. నేను నేర్పిన సెయ్యి ఇలా కొయ్యదు." కళ్ళజోడు మీదుగా నన్నూ బావనూ చూశాడు. నాన్న కళ్ళలో అనుమానం ఉంది. నా కళ్ళు ఇన్నాళ్ళూ అలాగే ఉండి ఉంటాయి. "నిజం సెప్పు. ఈశ్వర్ కోసిచ్చినాడేటి?"

బావ నోరు తెరిచాడు. కాదనబోయాడు. నేను చేసిందేనని చెప్పబోయాడు. నేను ఆయన కాలు తొక్కాను.

"అవును నాన్నా" అన్నాను. "బావే కోసిచ్చినాడు."

నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. భుజాలు కిందికి దిగాయి. అంత తేలికపడ్డ ముఖం నేను ఈ మధ్య చూడలేదు.

"అదీ మరి! నా కొడుకు కొసరు మర్సిపోతాడేటి? ఆళ్ళకి సూపించడానికి ఏదో సేసినారు, సేసినారు. అక్కడికెల్లి మాత్రం నీ సేత్తో నువ్వే సెయ్యి. పనంటే ఏటో ఆళ్ళకీ తెలియాల."

ఆ ఫ్రేమును తుక్కు ఇనుము మీద పడేశాడు. దేవుడి పటం ముందున్న నా పాత ఫ్రేమును తీసి, తువ్వాలుతో దుమ్ము తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాడు. బావ గ్రైండర్ అందుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నారాయణమూర్తి గారి గేటు ఇంకా బిగించాల్సి ఉంది.

కాగితం నా జేబులోనే ఉంది.